ఓడ కోసం ఆగేవి, ఆగనివి

జంగ్లీఘాట్,
పోర్ట్‌బ్లెయిర్.
(2024 నుంచి శ్రీ విజయపురం అని రాయాలి. చెయ్యి ఇంకా అలవాటు పడలేదు.)

చి. బుజ్జికి, మేనత్త ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోన్లో నువ్వు చెబుతుండగానే సిగ్నల్ పోయింది. "అత్తా, మచ్చీడేరా మగాళ్ళు వస్తారు, నా మొహం చూస్తారు, గ్యాసు బిళ్ళ అడిగి పట్టుకుపోతారు" అన్నదాకా వినబడింది. మిగతాది నేనే ఊహించుకున్నాను. ముప్పయ్యేళ్ళు దీవి దీవికీ తిరిగి నర్సు ఉద్యోగం చేసినదాన్ని, ఆ గ్యాసు బిళ్ళ సంగతి నాకు తెలియదా? ఇరవై మూడేళ్ళ పిల్ల కుర్చీలో కూర్చునుంటే, శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన వలకారి మగాడు "ఒంటికి ఎల్తంటే మంటగుంది సిస్టరమ్మా" అని ఎలా నోరు విప్పుతాడే? ఛాతీకి కింద, మోకాలికి పైన ఉన్నదంతా అతనికి కడుపే.

అందుకని ముందు అడగడం నేర్చుకో. వెనక నిలబడ్డవాళ్ళని బయటికి పంపు. అతని మొహం చూడకుండా చీటీ రాస్తున్నట్టు తల వంచుకుని, వేటలో ఉన్నప్పుడు నీళ్ళెన్ని తాగుతావు అని మొదలుపెట్టు. నీళ్ళ మాట ఎవరికీ సిగ్గు కాదు. అక్కణ్ణించి, పగలు ఎన్నిసార్లు వెళ్తున్నావు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, ధార సాఫీగా వస్తోందా, ఆగి ఆగి వస్తోందా, ఎరుపేమైనా కనబడిందా. నాలుగో ప్రశ్నకి అతనే చెప్పేస్తాడు. "వేడి చేసింది" అంటే నవ్వకు. మనవాళ్ళకి మూత్రంలో మంటా వేడే, రాయీ వేడే, సుఖరోగమూ వేడే. ఆ వేడి ఏ వేడో తేల్చడమే నీ పని.

నువ్వున్న హట్‌బేలో డాక్టర్లున్నారు, మందులున్నాయి. మూత్రవ్యాధుల స్పెషలిస్టు లేడు. ఆయన కావాలంటే ఇక్కడికి ఏడెనిమిది గంటల ఓడ ప్రయాణం, ఆ పైన ఒక్కోసారి చెన్నైకో విశాఖకో. సముద్రం బాగోకపోతే ఓడ లేదు, మబ్బు పడితే హెలికాప్టరు లేదు. కాబట్టి రోగం పేరు కనిపెట్టడం కంటే ముందు నువ్వు తేల్చాల్సింది ఒకటుంది. ఇది ఓడ కోసం ఆగగలదా, ఆగలేదా? నర్సింగు స్కూల్లో మాకెవరూ ఇలా చెప్పలేదు. నాకు చెప్పింది ఒక కుర్రాడు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏ దీవో ఎందుకులే. పద్నాలుగేళ్ళ పిల్లాణ్ణి తెల్లవారుజామున తండ్రి భుజాన వేసుకుని తెచ్చాడు. కడుపునొప్పి, రెండు వాంతులు. పిల్లాడు మోకాళ్ళు ముడుచుకుని, రెండు చేతులూ నిక్కరు మీద పెట్టుకుని పడుకున్నాడు. ఆ చేతులు నేను చూశాను బుజ్జీ, చూసి కూడా చూడలేదు. కడుపు నొక్కాను, మెత్తగా ఉంది. నొప్పి ఇంజెక్షను చేశాను, కాస్త సర్దుకుంది. డాక్టరుగారు క్యాంపు నుంచి సాయంత్రం వచ్చి నిక్కరు విప్పించారు. ఒకవైపు బీజం వాచి, ఎర్రబడి, రెండోదాని కంటే పైకి లాక్కుపోయి, అడ్డం తిరిగి ఉంది. లోపల మెలిపడిపోయింది. రక్తం అందక నల్లబడిపోయిన దాన్ని మర్నాడు పోర్ట్‌బ్లెయిర్లో తీసేశారు. మెలిపడ్డ ఆరు గంటల్లో విప్పితే దాదాపు అందరికీ దక్కుతుంది, పన్నెండు దాటితే ఆశ సగానికి పడిపోతుంది, రోజు దాటితే దక్కడం అరుదు. నా చేతుల్లో పది గంటలు పోయాయి. ఆ పిల్లాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నాకు కనబడితే నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పదికీ ఇరవైకీ మధ్య కుర్రాడు, హఠాత్తుగా పొత్తికడుపు నొప్పి, వాంతి అంటే తలుపేసి, తండ్రిని పక్కన నిలబెట్టుకుని, బట్ట తొలగించి చూడు. అనుమానం రాగానే డాక్టరుగారిని నిద్ర లేపు. ఆయన చేత్తో మెల్లగా, పుస్తకం తెరిచినట్టు బయటివైపుకి తిప్పి చూడొచ్చు. విడిపడినా ఆపరేషను తప్పదు. స్కానింగు కోసం, సంతకాల కోసం కూర్చోవద్దు. ఇది ఓడ కోసం ఆగనిది, హెలికాప్టరు కోసం ఫోన్లు చేయాల్సింది. మా డిగ్లీపూర్ చుట్టాలు మాకు పోర్ట్‌బ్లెయిర్ దాకా రోడ్డుందిగా అంటారు. రోడ్డుంటే సరా? జార్వాల అడవిగుండా కాన్వాయ్ వేళ దాటితే మామూలు బండి కదలదు.

ఆగనిది ఇంకోటి, మూత్రం బిగుసుకుపోవడం. ఇది ముసలాళ్ళది. ప్రోస్టేటు గ్రంథి వయసుతో పెరిగి నాళాన్ని నొక్కుతుంటుంది. ధార సన్నబడుతుంది, చివర చుక్కలు రాలతాయి, రాత్రి నాలుగైదుసార్లు లేస్తారు. వయసే కదా అని సర్దుకుపోతారు. వానల్లో జలుబు చేస్తుంది. కొట్లో జలుబు బిళ్ళ కొని మింగుతారు. అందులో ముక్కు ఎండబెట్టే మందు మూత్రాశయం మెడని ఇంకా బిగిస్తుంది, నిద్ర పుట్టించే మందు మూత్రాశయాన్ని బద్ధకం చేస్తుంది. తెల్లారేసరికి చుక్క రాదు. బొడ్డు కింద కుండ బోర్లించినట్టు ఉబ్బి, చెమటలు కక్కుతూ వస్తాడు మనిషి. జలుబు బిళ్ళ మింగావా తాతా అని అడుగు. నూటికి పాతిక మంది ఒప్పుకున్నా నా అనుభవం వృథా కాదు.

గొట్టం వేయడం నీకు నేర్పే ఉంటారు. బొమ్మ మీద నేర్చుకుని మనిషి మీద మరిచిపోయేవి మాత్రం చెబుతాను. పదహారో నంబరుతో మొదలుపెట్టు. మత్తు జెల్లీ పొదుపు చేయకు, పదీ పదిహేను మిల్లీలీటర్లు ఎక్కించి, గడియారం చూసుకుని అయిదు నిమిషాలు ఆగు. ఆ అయిదు నిమిషాలూ తాతతో ఆయన ఊరి గురించి మాట్లాడు. మూత్రం కనబడగానే బుడగ ఊదేయకు. రెండు పాయలు చీలే చోటుదాకా గొట్టం మొత్తం లోపలికి పోనివ్వు, అప్పుడు పది మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటరు ఎక్కించు. నాళంలోనే బుడగ ఉబ్బితే ఆ నెత్తురు చూడలేవు. వెళ్ళకపోతే బలవంతం వద్దు, రెండోసారికి డాక్టరుగారిని పిలువు. బొడ్డు కింద నుంచి నేరుగా వేసే దారి ఆయనకుంది. అయ్యాక, వెనక్కి లాగిన ముందు చర్మాన్ని మళ్ళీ ముందుకు జార్చు. ఈ ఒక్కటి మరిచిపోయి వెళ్ళిపోయే నర్సులని ఎంతమందిని చూశానో. చర్మం ఉంగరంలా బిగుసుకుని రాత్రికి వాచిపోతుంది. ఎంత మూత్రం వచ్చిందో రాయి, తర్వాత గంట గంటకీ ఎంత వస్తోందో కూడా రాయి. సంచీ మంచం కోడుకి, మూత్రాశయానికి కిందుగా కట్టు. దిండు పక్కన పెట్టుకుని పడుకునే తాతలుంటారు.

ఇక రాళ్ళు. నీకు ఎక్కువ వచ్చేవి ఇవే. రాయి నొప్పి మనిషిని కూర్చోనివ్వదు. నడుం పక్క నుంచి గజ్జలోకి దిగుతుంది, మంచం మీద ఒక్క భంగిమలో ఉండలేక లేచి తిరుగుతాడు. కదలకుండా కొయ్యలా పడుకున్నవాడిది రాయి కాదు, కడుపులో ఇంకేదో. డాక్టరుగారు నొప్పి ఇంజెక్షను రాస్తారు. అది ఇచ్చే ముందు కిడ్నీ జబ్బేమైనా ఉందా, ఆడమనిషైతే నెల తప్పిందా అని అడగడం నీ వంతు. అయిదు మిల్లీమీటర్ల లోపు రాళ్ళు చాలామటుకు వాటంతటవే పడిపోతాయి. అలాంటివి ఓడ కోసమే కాదు, నెలరోజులు కూడా ఆగుతాయి. కానీ రాయితోబాటు చలిజ్వరం వస్తే లెక్క మారిపోతుంది. రాయి అడ్డుపడి వెనక నిలిచిన మూత్రంలో చీము పట్టిందన్నమాట. దాన్ని బయటికి తీసే దారి వేస్తేగాని యాంటీబయాటిక్ ఒక్కటే నిలబెట్టలేదు. మనిషి ఒక్క రాత్రిలో చల్లబడిపోతాడు. జ్వరంలేని రాయి ఆగుతుంది, జ్వరమున్న రాయి ఆగదు. రెండు కిడ్నీల్లో ఒకటే పనిచేసేవాడికి రాయి అడ్డం పడి మూత్రం ఆగినా అంతే.

మచ్చీడేరాలో నీకు కొండపిండి ఆకు కషాయం గురించి చెబుతారు. ఉలవచారు అంటారు, అరటి దూట రసం అంటారు. కొండని పిండి చేసేది అని ఆ ఆకుకి పేరే పెట్టుకున్నారు పూర్వులు. నేనెప్పుడూ వద్దనలేదు. కషాయం కోసం పూటకి చెంబెడు నీళ్ళు తాగుతారు, ఆ నీళ్ళే సగం వైద్యం. బీరు తాగితే రాయి జారుతుందన్నవాణ్ణి మాత్రం బయటికి పంపించు. టమాటా గింజలూ పాలూ మానేసి కూర్చున్నవాళ్ళు చాలామంది తగులుతారు. పాలు మానితే తిండిలోని ఆక్సలేటు ఇంకా ఎక్కువ ఒంటికి పట్టి రాళ్ళు పెరుగుతాయని చెప్పు. మానాల్సింది ఉప్పు. మనవాళ్ళకి ఉప్పంటే ఎండుచేప. వద్దంటే వినరు, నేనే వినలేదు. నానబెట్టి, రెండు నీళ్ళు పారబోసి వండుకోమను, వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

నీళ్ళ సంగతి ఇక్కడ తమాషాగా ఉంటుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే ఊళ్ళో ఎండాకాలం ధనిఖారి ఆనకట్ట అడుగంటి, కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా వస్తుంది. అప్పుడు ఆడవాళ్ళు ముందు తగ్గించేది తాము తాగే నీళ్ళనే. వేటకెళ్ళే మగాళ్ళు చిన్న డబ్బాతో పడవెక్కి ఎండలో రోజంతా ఉంటారు. రెండున్నర లీటర్లు తాగమని చెబితే వాళ్ళకి లెక్క తెలియదు. మూత్రం రంగు చూసుకోమను. బార్లీ నీళ్ళలా ఉండాలి, టీ డికాక్షనులా ఉంటే డబ్బా చిన్నదని అర్థం.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు, ఇది దీవుల జబ్బు. రాయికి ఆపరేషనుకని మనవాళ్ళు విశాఖో చెన్నయో వెళ్తారు. రాయి తీశాక కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా సన్నటి గొట్టం లోపలే పెట్టి పంపుతారు, డీజే స్టెంటు అంటారు. కొన్ని వారాల్లో వచ్చి తీయించుకోవాలి, మరీ అయితే మూడు నెలలు. నొప్పి తగ్గింది, ఇంటికొచ్చేశారు. ఓడ టికెట్టు దొరకలేదు, పెళ్ళొచ్చింది, వేట సీజనొచ్చింది. మూత్రంలో కాస్త మంట, పరిగెత్తితే కాస్త ఎరుపు. స్టెంటు ఉన్న సంగతే మరిచిపోతారు. నేను చూసిన ఒకాయనకి మూడేళ్ళు ఉండిపోయింది. ఎక్స్‌రేలో చూస్తే ఆ గొట్టం రెండు కొసలకీ రాయి కట్టి, పగడపు కొమ్మలా ఉంది. ఒక రాయి తీయించుకున్నవాడికి మూడు ఆపరేషన్లయ్యాయి. అప్పటినుంచీ నేనొక పుస్తకం పెట్టాను. పేరు, స్టెంటు వేసిన తేదీ, తీయాల్సిన తేదీ, ఇంట్లో ఆడమనిషి ఫోను నంబరు. మగాడి నంబరు కాదు. ఆ తేదీకి నెల ముందే టికెట్టు కొనమని గుర్తు చేసేదాన్ని. మెయిన్‌లాండ్‌లో ఆపరేషను అయి వచ్చిన ప్రతివాణ్ణి, లోపల గొట్టమేమైనా పెట్టారా అని అడుగు. తెలియదంటే డిశ్చార్జి కాగితం తెమ్మను.

ఆడవాళ్ళ సంగతి నీకు నేను చెప్పేదేముంది. మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, వెళ్తే రెండు చుక్కలు. చేపల మార్కెట్లో తెల్లవారుజామున గంప దించి మధ్యాహ్నం దాకా కూర్చునేవాళ్ళకి వెళ్ళే చోటు లేదు, అందుకని నీళ్ళే తాగరు. ముందు రోజు మిగిలిన స్ట్రిప్పులోంచి రెండు బిళ్ళలు పక్కింటామె ఇస్తుంది. మంట తగ్గుతుంది, సగం చచ్చిన పురుగు మందుకి అలవాటు పడి మళ్ళీ లేస్తుంది. మూడోసారి వచ్చినామెకి మందు మొదలుపెట్టకముందే మూత్రం కల్చరుకి పట్టించు. చలిజ్వరం, నడుం పక్క నొప్పి ఉంటే అది కిడ్నీ దాకా పాకిందన్నమాట, బిళ్ళలిచ్చి ఇంటికి పంపేది కాదు. కడుపుతో ఉన్నామెకి మంట లేకపోయినా మూత్రపరీక్ష చేయించు. మగాడికి మూత్రంలో చీము వస్తే మాత్రం మందిచ్చి ఊరుకోకు, రాయో ప్రోస్టేటో షుగరో వెనక ఏదో ఉంటుంది. ముందు చర్మం మాటిమాటికీ పగిలి మంట అంటే వేలు గుచ్చి షుగరు చూడు. షుగరు జబ్బు ఉందని ఆ చర్మం దగ్గరే మొదటిసారి తెలిసినవాళ్ళు నాకు తగిలారు. "మగతనం తగ్గింది" అని గొణిగేవాడికీ అదే పరీక్ష, దాంతోబాటు బీపీ. పోర్ట్‌బ్లెయిర్ బజార్లో డేరా వేసిన మూలికల దుకాణం దగ్గర అతను అప్పటికే రెండు వేలు పోసి ఉంటాడు, తిట్టకు.

నొప్పిలేని ఎరుపు గురించి రెండు ముక్కలు. నొప్పితో నెత్తురొస్తే పరిగెత్తుకొస్తారు. నొప్పి లేకుండా ఒకసారి ఎర్రగా పోసి, మర్నాడు తెల్లగా వస్తే, వేడి తగ్గిందనుకుంటారు. నలభై దాటి, బీడీయో చుట్టో కాల్చినవాళ్ళయితే అది మూత్రాశయంలో కాన్సరు కాదని తేలేదాకా వదలకు. మన ముసలమ్మలు నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ నోటినే తినేస్తుందనుకుంటాం. పొగాకు విషం నెత్తుట్లో కలిసి, కిడ్నీలో వడకట్టుకుని, గంటలకొద్దీ మూత్రాశయంలో నిలవుంటుంది. ఇది వచ్చే ఓడకి ఆగుతుంది, ఆ తర్వాతి ఓడకి కాదు. టీబీ మందు మింగేవాడికి నారింజ రంగు వస్తే మాత్రం కంగారుపడకు, అది మందు రంగు.

బుడ్డ ఉన్నవాళ్ళు పంచె బిగించి కట్టి ఇరవయ్యేళ్ళు దాస్తారు. చీకటి చేసి, ఫోను టార్చి ఆనించి చూడు. నీరైతే దీపంలా ఎర్రగా వెలుగుతుంది, అది వరిబీజం, తీరికగా చిన్న ఆపరేషను. వెలగకుండా, దగ్గితే ఉబ్బితే పేగు దిగిందేమో. కుర్రాడికి నొప్పి లేకుండా బీజంలోనే గట్టి గడ్డ తగిలితే వెంటనే పంపు, ముందు పట్టుకుంటే పూర్తిగా నయమయ్యే కాన్సరది. నువ్వు ఎప్పటికైనా నాన్‌కౌరీ వైపు బదిలీ అయితే ఒకటి గుర్తుపెట్టుకో. మిగతా దేశంలో బోద పురుగు కోసం రాత్రిపూట రక్తం తీస్తారు. ఆ నాన్‌కౌరీ దీవుల్లో పురుగు పగలు కూడా రక్తంలో తిరుగుతుంది, దాన్ని మోసే అడవి దోమ పగలే కుడుతుంది. అక్కడి కామోర్టాలో ఉన్నప్పుడు దోమతెర కట్టుకుని హాయిగా పడుకున్నాం అనుకునేదాన్ని, తోటలో మధ్యాహ్నం కుట్టించుకుంటూ.

చివరగా మనూరి సంగతి. నీ దగ్గరకొచ్చేవాళ్ళలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళుంటారు. ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకి మంటా ఉండదు, నొప్పీ ఉండదు, ఎరుపూ ఉండదు. ఒళ్ళు నీరసం, ఆకలి లేదు అనేసరికి కిడ్నీలు సగం పైగా పోయి ఉంటాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, మంచిదే. సముద్రం దాటి ఇక్కడికొచ్చేశాం కాబట్టి మనకి లేదనుకుంటారు మనవాళ్ళు. ముప్పై దాటిన ప్రతివాడికీ బీపీ చూసి, మూత్రంలో ప్రొటీను, రక్తంలో క్రియాటినిను రాయించు. ఒళ్ళునొప్పులకని వల లాగిన ప్రతి రోజూ నొప్పి బిళ్ళ వేసుకునే అలవాటు మాన్పించు. వాళ్ళు నీ మాట వినకపోతే, మా అత్త ఊరు కూడా అదే అని చెప్పు.

ఈ ఓడలో మీ మావయ్య వస్తున్నారు. సంచీలో జెల్లీ ట్యూబులు పెట్టాను, అక్కడ తక్కువగా ఉన్నాయన్నావుగా. స్టెంటు పుస్తకం కూడా పంపుతున్నాను, వెనక సగం ఖాళీనే, కొనసాగించు. మావయ్య నీ దగ్గర నాలుగు రోజులుంటారు. ఇక్కడ రాత్రి అయిదుసార్లు లేస్తున్నారు, బాత్‌రూంలో కుళాయి తిప్పి మరీ నిలబడుతున్నారు, నాకు ధార వినబడకూడదని. అడిగితే "నీకు అందరూ రోగుల్లాగే కనబడతారు" అన్నారు. నర్సు పెళ్ళాం దగ్గర చెప్పని మనిషి కోడలుపిల్ల దగ్గర చెబుతారేమో. కూర్చోబెట్టి, నీళ్ళ మాటతో మొదలుపెట్టు. అక్కడుండగా తుమ్ములొస్తే జలుబు బిళ్ళ మాత్రం వేసుకోనివ్వకు.

ప్రేమతో,
అత్త